ఉప్పుగాలికి నిలిచే కార్బన్ శోషక షీటు: విజయవాడ ఆటోనగర్ తయారీపై సమీక్ష

విజయవాడ ఆటోనగర్‌లో రబ్బరు సీళ్లు, గాస్కెట్లు, ఫైబర్ మూతలు పోతపోసే ఒక చిన్న యూనిట్ కొంతకాలంగా మైక్రోవేవ్ తరంగాలను పీల్చుకునే కార్బన్ షీట్లను ఆర్డరు మీద తయారుచేసి ఇస్తోంది. మచిలీపట్నం గిలకలదిండి రేవులోనూ నిజాంపట్నం రేవులోనూ మరబోట్లకు రాడార్లు, నీటి లోతు చెప్పే ఎకో సౌండర్లు, మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియో సెట్లు బిగించి మరమ్మతు చేయడం నా వృత్తి. ఆ పనికోసం ఈ షీట్లను కొని, గది లోపల పరీక్షించి, బోట్ల మీద అతికించి, ఒక వర్షాకాలం దాటే వరకు గమనించిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. రాడార్ ఎక్స్ బ్యాండ్‌ది అయి, బోటు ఉప్పునీటిలో తిరిగేది అయితే ఇది నిస్సందేహంగా కొనదగిన సరుకు. తుప్పు నుంచి రక్షణను చివర్లో పూసే పూతకు వదిలేయకుండా, తరంగాన్ని పీల్చే గుణంతో పాటు మొదటి నుంచీ ఒకే లెక్కలో పెట్టి రూపొందించడమే దీని విశేషం. మిగిలిన గుణదోషాలన్నీ ఆ నిర్ణయం నుంచి పుట్టినవే.

బోటు మీద ఇలాంటి షీటు ఎందుకని అడిగేవారు ఉంటారు. సముద్రంలో వాడే ఎక్స్ బ్యాండ్ రాడార్లు 9.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేస్తాయి, అంటే తరంగదైర్ఘ్యం సుమారు 32 మిల్లీమీటర్లు. మరబోటు మీద స్కానర్‌కు, అంటే రాడార్ తరంగాలను పంపి అందుకునే తిరిగే యాంటెనాకు, దగ్గరలోనే ఇనుప స్తంభం, ఇంజను పొగగొట్టం, వల లాగే ఇనుప చట్రం ఉంటాయి. రాడార్ పంపిన తరంగం ఆ ఇనుముకు తగిలి పక్కకు మళ్లి, అక్కడ ఉన్న మరో బోటును తాకి, వచ్చిన దారినే మళ్లీ ఇనుము మీదుగా స్కానర్‌కు చేరుతుంది. స్కానర్ అప్పుడు స్తంభం వైపు చూస్తూ ఉంటుంది కనుక, ఆ బోటు స్తంభం ఉన్న దిక్కులో ఉన్నట్లు తెర మీద ఒక అబద్ధపు గుర్తు పడుతుంది. రాత్రివేళ రేవు ముఖద్వారం దగ్గర పదుల బోట్లు ఒకేసారి లోపలికి వస్తున్నప్పుడు ఆ గుర్తు ఎంత ప్రమాదకరమో బోటు నడిపే సరంగులకు తెలుసు.

స్కానర్‌కు ఎదురుగా ఉన్న ఇనుము ముఖానికి శోషక షీటు అతికిస్తే ఈ బాధ తగ్గుతుంది. ఇక్కడ షీటుకు అనుకూలమైన సంగతి ఒకటి ఉంది. అబద్ధపు గుర్తును పుట్టించే తరంగం వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి అదే ఇనుమును తాకాలి. ఒక్కో తాకిడికి షీటు 10 డెసిబెల్‌లు తగ్గించగలిగితే, అంటే నూటికి 90 వంతుల శక్తిని పీల్చుకుంటే, రెండు తాకిడులకు కలిపి 20 డెసిబెల్‌లు తగ్గుతాయి, తిరిగి చేరేది నూరో వంతు మాత్రమే. అందువల్ల ప్రయోగశాలల్లో సాధించే మైనస్ 40, మైనస్ 50 డెసిబెల్‌ల అంకెలు (అంటే తిరిగి వచ్చే తరంగంలో 40, 50 డెసిబెల్‌ల తగ్గింపు) బోటు పనికి అక్కరలేదు. మైనస్ 15 దగ్గర స్థిరంగా నిలబడి, ఏళ్ల తరబడి అక్కడి నుంచి కదలని షీటు చాలు. అయితే స్తంభం వెనుక ఏర్పడే నీడ ప్రాంతాన్ని ఏ షీటూ తొలగించలేదు, ఆ దిక్కులో రాడార్‌కు కనిపించనిది షీటు వేసినా కనిపించదు. కొనేవారికి ఈ విషయం ముందే చెప్పడం అమ్మేవారి ధర్మం.

ఇంతకుముందు మార్కెట్లో సులువుగా దొరికినవి సన్నని ఇనుప పొడి కలిపిన రబ్బరు షీట్లు. ఈ పద్ధతి పాతది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాముల స్నార్కెల్ గొట్టాలకు కార్బొనిల్ ఇనుము కలిపిన రబ్బరును తొడిగారు. కార్బొనిల్ ఇనుము అంటే ఐరన్ పెంటాకార్బొనిల్‌ను వేడితో విడగొట్టి తీసే, కొన్ని మైక్రాన్ల పరిమాణంలో గుండ్రంగా ఉండే ఇనుప రేణువులు. వాటి అయస్కాంత గుణం వల్ల షీటు పలుచగానే ఉండి తరంగాన్ని బాగా పీలుస్తుంది. పేరు చెప్పనవసరం లేని ఒక విక్రేత నుంచి నేను తెప్పించిన అలాంటి షీట్లు మొదట చక్కగా పనిచేశాయి. కొన్నాళ్లకు కోసిన అంచుల వెంట గోధుమరంగు చారలు దిగాయి, ఆ తరువాత నడిమిలో బొబ్బలు లేచాయి. గోటితో నొక్కితే బొబ్బ కింద తుప్పు పొడి కరకరలాడింది.

దీనికి కారణం తెలుసుకుంటే కార్బన్ షీటు విలువ అర్థమవుతుంది. ఈ షీట్లకు వాడే సిలికోన్ రబ్బరు నీటిబొట్టును నిలువరిస్తుంది గాని నీటి ఆవిరిని నిలువరించలేదు, ఆవిరి దాని గుండా సులువుగా ప్రయాణిస్తుంది. పైపొర చిట్లిన చోట, అంచు తెరిచి ఉన్న చోట ఉప్పు కూడా దానికి తోడవుతుంది. ఉప్పులోని క్లోరైడు ఇనుము మీద సహజంగా ఏర్పడే రక్షణపొరను నిలవనీయదు. పైగా పొడి రూపంలో ఉన్న ఇనుముకు బరువుతో పోలిస్తే ఉపరితలం విపరీతంగా ఎక్కువ కనుక, దిమ్మగా ఉన్న ఇనుము కన్నా వేగంగా తుప్పుగా మారుతుంది. తుప్పు అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, బొబ్బలు లేచేది అందుకే. ఇనుము పోయి తుప్పు మిగిలిన కొద్దీ అయస్కాంత శోషణ పడిపోతుంది, షీటు శ్రుతి అయి ఉన్న పౌనఃపున్యం, అంటే అది తరంగాన్ని అన్నిటికన్నా బాగా పీల్చే పౌనఃపున్యం, పక్కకు జరుగుతుంది. పైన రంగు వేసి ఉంటే కంటికి ఏమీ తెలియదు, తెర మీద మాత్రం పాత గుర్తులు మళ్లీ పుట్టుకొస్తాయి.

కార్బన్ సముద్రపు నీటిలో తుప్పు పట్టదు. అలాగని రబ్బరులో కార్బన్ పొడి దండిగా కలిపితే శోషక షీటు తయారవుతుందనుకోవడం పొరపాటు. గాలిలో ప్రయాణించే తరంగానికి నిరోధం 377 ఓములు. షీటు ఉపరితలం ఆ విలువకు దరిదాపుల్లో కనిపిస్తేనే తరంగం లోపలికి అడుగుపెడుతుంది. కార్బన్ రేణువులు ఒకదానికొకటి తగిలి విద్యుత్తు ధారాళంగా ప్రవహించే స్థాయి దాటితే షీటు లోహపు రేకులాగే తరంగాన్ని వెనక్కు కొడుతుంది. మరీ తక్కువైతే తరంగం లోపలికి వస్తుంది గాని పీల్చుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. ఈ రెంటి మధ్య ఉన్న ఇరుకు సందును పట్టుకోవడమే రూపకల్పనలోని అసలు కష్టం. ఆటోనగర్ యూనిట్ దీన్ని మూడు పొరలతో పరిష్కరించింది. గాలి వైపు పొరలో కార్బన్ చాలా తక్కువ, అది తరంగాన్ని లోపలికి రానిచ్చే గుమ్మం. దాని కింద కార్బన్ నానోగొట్టాలు (కంటికి కనిపించనంత సన్నని కార్బన్ గొట్టాలు), తరిగిన కార్బన్ పీచు కలిసిన మందమైన పొర, శక్తి వేడిగా మారేది ఇక్కడే. అట్టడుగున కార్బన్ అసలే లేని గాజుపీచు వస్త్రం.

ఆ అట్టడుగు పొర గురించి కొంత విడమరచి రాయాలి, ఎందుకంటే ఈ రంగంలో ఎక్కువమంది విస్మరించేది దాన్నే. కార్బన్ తాను తుప్పు పట్టదు గాని, తనను తాకిన లోహాన్ని తుప్పు పట్టిస్తుంది. సముద్రపు నీటిలో లోహాలను వాటి విద్యుత్ పొటెన్షియల్ వరుసలో పేర్చితే కార్బన్ రూపమైన గ్రాఫైటు ఒక కొసన, బంగారం, ప్లాటినంల సరసన నిలుస్తుంది. అల్యూమినియం, జింకు, మామూలు ఉక్కు రెండో కొస వైపు ఉంటాయి. ఉప్పునీటి తడిలో కార్బన్, అల్యూమినియం ఒకదానికొకటి ఆనుకుంటే అక్కడొక బ్యాటరీ ఏర్పడినట్లే, కరిగిపోయేది అల్యూమినియం. కార్బన్ ఫైబర్ భాగాలు వాడే విమానాల్లో కార్బన్‌కూ అల్యూమినియానికీ మధ్య గాజుపీచు పొర వేసేది ఇందుకే. బోటు మీద స్కానర్ పీఠం తరచు అల్యూమినియమే, స్తంభం జింకు పూత వేసిన ఉక్కు. తుప్పు పట్టని షీటు అని నమ్మి కార్బన్ రబ్బరును నేరుగా వాటికి అతికిస్తే షీటు నిగనిగలాడుతూనే ఉంటుంది, దాని వెనుక పీఠం గుల్లబారుతుంది. అలా గుల్లబారిన పీఠాన్ని నేను మరో బోటు మీద చూశాను. బోల్టు చుట్టూ తెల్లని పొడి పేరుకుని, స్క్రూడ్రైవరు మొన ఆనిస్తే లోపలికి దిగిపోయింది.

గాజుపీచు పొర వేయడం పెద్ద విద్య కాదు. దాని మందాన్ని శోషణ లెక్కలో ముందే కలపడం విద్య. తరంగం షీటు పైముఖం నుంచి లోహం వరకు వెళ్లి తిరిగి వచ్చేసరికి, పైముఖం నుంచే మళ్లిన తరంగానికి సరిగ్గా ఎదురుగా నిలిచి దాన్ని రద్దు చేయాలి. అందుకు పదార్థం లోపలి తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు మందం కావాలి. 9.4 గిగాహెర్ట్జ్ దగ్గర గాలిలో పావు తరంగదైర్ఘ్యం సుమారు 8 మిల్లీమీటర్లు. పదార్థపు పర్మిటివిటీ, అంటే తన లోపల తరంగాన్ని ఎంత కుదిస్తుందో చెప్పే అంకె, 12 అనుకుంటే దాని వర్గమూలం దాదాపు 3.5, ఆ 8ని దానితో భాగిస్తే 2.3 మిల్లీమీటర్లు వస్తుంది. ఇలా శ్రుతి చేసిన షీటు వెనుక ఎవరైనా తరువాత వేరే గాజుపీచు పొర చేరిస్తే మొత్తం లెక్క తప్పుతుంది. ఈ యూనిట్ వారు మూడు పొరలనూ ఒకే అచ్చులో పోసి, మొత్తం మందానికి శ్రుతి చేసి ఇస్తున్నారు. నేను దీనిని మెచ్చుకోవడానికి ప్రధాన కారణం అదే.

మందం విషయంలో వారి పనితనం ఇంకా మెరుగుపడాలి. 2.3 మిల్లీమీటర్ల షీటులో 0.1 మిల్లీమీటరు తేడా వస్తే శ్రుతి దాదాపు 0.4 గిగాహెర్ట్జ్ కదులుతుంది, రాడార్ పని మొత్తం 9.2 నుంచి 9.5 లోపే జరుగుతుంది. శోషణ లోయ, అంటే తిరిగి వచ్చే తరంగాన్ని చూపే గీత శ్రుతి దగ్గర కిందికి దిగే చోటు, వెడల్పుగా ఉండటం వల్ల ఆ తేడా ప్రాణాంతకం కాదు గాని, నాకు వచ్చిన షీట్లలో మూలలు నడిమికన్నా పలుచగా ఉన్నవి తగిలాయి. మైక్రోమీటరుతో నాలుగు మూలలూ కొలిచి చూపిస్తే వారు వాదించకుండా మార్చి ఇచ్చారు. కోసిన అంచును భూతద్దంతో చూస్తే కార్బన్ ఎంత సమంగా కలిసిందో తెలుస్తుంది. ఒకటి రెండు షీట్లలో సరిగా కలపని దోశపిండిలో ఉండల్లాగా నల్లని ముద్దలు కనిపించాయి, మిగతావాటిలో అంచు నునుపుగా ఒకే రంగులో ఉంది. నానోగొట్టాలు ఒకదానికొకటి అంటుకుని ముద్దకట్టే స్వభావం కలవి, వాటిని విడదీసి కలపడానికి పట్టే సమయంలో తొందరపడితే ఇలాగే అవుతుంది.

షీటు తీసుకున్న వెంటనే బోటు మీదకు ఎక్కించలేదు. లీటరు నీటికి 35 గ్రాముల ఉప్పు కలిపిన తొట్టెలో ముక్కలను నానబెట్టి, ఎండలో ఆరబెట్టి, మళ్లీ నానబెడుతూ ఉంచాను. ముందు, తరువాత కొలతలు గుంటూరులో ఒక ఇంజనీరింగ్ కళాశాలలో పనిచేసే మిత్రుడి సాయంతో నెట్‌వర్క్ అనలైజర్ (తిరిగి వచ్చే తరంగాన్ని పౌనఃపున్యం వారీగా గీత గీసి చూపే పరికరం) మీద తీశాం. ఎక్స్ బ్యాండ్‌కు వాడే డబ్ల్యూఆర్-90 వేవ్‌గైడ్ (తరంగాన్ని నడిపించే లోహపు గొట్టం) లోపలి కొలత 22.86 మిల్లీమీటర్లకు 10.16. ముక్కను సరిగ్గా ఆ కొలతకు కోసి, వెనుక లోహపు మూత బిగించి, తిరిగి వచ్చే తరంగాన్ని చూడాలి. ముక్కకూ గోడకూ మధ్య వెంట్రుకవాసి సందు ఉన్నా అంకె మారిపోతుంది కనుక, కోయడానికే ఎక్కువ శ్రమ పట్టింది. వేవ్‌గైడ్ లోపలి కొలత బయట గాలిలోని పనితీరుకు అచ్చంగా సమానం కాదు. అయినా ఒకే ముక్కను ఉప్పునీటికి ముందూ తరువాతా పోల్చడానికి అది నమ్మదగిన దారి. కార్బన్ ముక్క గీత ముందున్న చోటే ఉంది, లోయ లోతు కూడా గమనించదగినంతగా మారలేదు. పోలిక కోసం పెట్టిన ఇనుప పొడి ముక్కలో లోయ పక్కకు జరిగింది, లోతు తగ్గింది.

నీటిని పీల్చుకునే గుణాన్ని కూడా తప్పనిసరిగా చూడాలి. సిలికోన్ పర్మిటివిటీ 3 ప్రాంతంలో ఉంటే, ఈ పౌనఃపున్యాల దగ్గర నీటిది 60 ప్రాంతంలో ఉంటుంది. షీటులో కొద్దిపాటి నీరు చేరినా శ్రుతి చెడుతుంది. ప్రయోగశాల గదుల్లో వాడే నల్లని నురుగు పిరమిడ్లు బోటు పనికి అందుకే పనికిరావు, వాటి రంధ్రాలు తేమను తాగుతాయి. ఈ షీటు ముక్కలను నానబెట్టి, పైతడి తుడిచి, నగల త్రాసు మీద తూచితే పెరిగిన బరువు అతి స్వల్పం. బరువు ప్రస్తావన వచ్చింది కనుక మరో మాట. ఇనుప పొడి నూటికి 80 వంతుల బరువుండే షీటు 2 మిల్లీమీటర్ల మందంలో చదరపు మీటరుకు సుమారు 7 కిలోలు తూగుతుంది. ఈ కార్బన్ షీటు కొంచెం మందంగా ఉండి కూడా 3 కిలోల లోపే. చిన్న బోటు స్తంభం పైభాగాన బరువు పెరగడం ఎవరికీ ఇష్టం ఉండదు.

అతికించే జిగురు గురించి యూనిట్ వారు ఒక కాగితం ఇస్తారు, దాన్ని పారేయకూడదు. హార్డ్‌వేర్ దుకాణాల్లో చవకగా దొరికే సిలికోన్ గొట్టాల్లో చాలావరకు ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. అది అసిటిక్ ఆమ్లం. జింకు పూతనూ రాగి తీగలనూ అది తినేస్తుంది, జాగ్రత్తగా వేసిన గాజుపీచు పొర చేసిన మేలంతా ఆ జిగురు చెడగొడుతుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్న, ఆరేటప్పుడు ఆ ఆమ్లం విడుదల చేయని రకమే కొనాలి. అంచులన్నిటినీ అదే జిగురుతో మూయాలి, బోల్టు రంధ్రం చుట్టూ కార్బన్ పొర బోల్టుకు తగలకుండా నైలాన్ బుష్ వేయాలి. రేవుల్లో ఇష్టంగా పూసే వెండిరంగులో అల్యూమినియం రేకుల పొడి ఉంటుంది. దాన్ని షీటు మీద పూయనీయకూడదు, తరంగం లోపలికి వెళ్లే గుమ్మాన్నే అది మార్చేస్తుంది. అసలు సిలికోన్ మీద ఏ రంగూ సరిగా పట్టదు కనుక నల్లగానే వదిలేయడం మేలు.

గిలకలదిండి బోటు ఒకదాని మీద స్తంభానికీ పొగగొట్టానికీ ఈ షీటు వేశాక, వేట ముగించి వచ్చిన సరంగు, "ఆ దొంగ బోటు ఇప్పుడు కనపడటం లేదండీ, కనపడినా మసగ్గా ఉంటోంది" అన్నారు. నా కొలతలకు ఆ మాట సరిపోయింది. పొగగొట్టం వైపు ఫలితం కొంత తక్కువ. గుండ్రని ఉపరితలం మీద తరంగం ఏటవాలుగా పడే భాగాల్లో శోషణ తగ్గుతుంది, అది ఏ షీటుకైనా ఉన్న పరిమితి. వేడి వల్ల జిగురు వదలకుండా పొగగొట్టానికి బెల్టు క్లిప్పులు కూడా వేయాల్సి వచ్చింది.

ఇదే యూనిట్ రెండో రకాన్ని కూడా చూపించింది. అందులో ఇనుప రేణువులకు కార్బన్ తొడుగు వేసి రబ్బరులో కలుపుతారు. ఆలోచన మంచిదే. పరిశోధకులు కోబాల్టు ఉన్న లోహ-సేంద్రియ చట్రాలను (లోహ పరమాణువులను సేంద్రియ అణువులు జాలీలా కలిపే పదార్థాలను) గాలి తగలకుండా కాల్చి, గ్రాఫైటు తొడుగులో లోహపు గింజ మిగిలేలా చేస్తున్నారు. తొడుగు లోహాన్ని ఉప్పు నుంచి కాపాడుతుంది, లోహం అయస్కాంత శోషణను అందిస్తుంది, షీటు పలుచబడుతుంది. అయితే తొడుగు రేణువు చుట్టూ ఎక్కడా చిల్లు లేకుండా ఉండాలి. చిల్లు పడిన చోట, కార్బన్ పక్కనే ఉన్న లోహం పైన చెప్పిన బ్యాటరీ తర్కం ప్రకారమే ఇంకా తొందరగా కరుగుతుంది. నా తొట్టెలో ఈ రకం ముక్క ముఖం శుభ్రంగా ఉన్నా, కోసిన అంచు వెంట సన్నని గోధుమరంగు గీత వచ్చింది. ధర కూడా ఎక్కువ. ప్రస్తుతం దీన్ని ఉప్పునీటి పనికి నేను సిఫారసు చేయను. అచ్చులోనే కావలసిన కొలతకు పోసి, అంచులు కూడా రబ్బరుతో మూసి ఇవ్వగలిగితే మళ్లీ పరీక్షిస్తాను.

సేవ విషయంలో మాట మర్యాద, అడిగిన కొలతకు కోసి ఇవ్వడం, లోపమున్నదాన్ని మార్చి ఇవ్వడం బాగున్నాయి. సరుకు చెప్పిన గడువుకు రాదు, వారం అటూ ఇటూ అనుకునే ఆర్డరు పెట్టాలి. షీటు వెనుక బ్యాచ్ సంఖ్య ముద్రించకపోవడం పెద్ద లోపం. ఏ షీటు ఏ పోతలోదో తెలియకపోతే రేపు ఒకటి చెడినప్పుడు మిగతావి ఎక్కడున్నాయో వెతకలేం. వివరపత్రంలో "సాల్ట్ స్ప్రే పాస్" అని ఒక్క ముక్క రాశారు. ఉప్పు తుంపర పరీక్షకు ప్రమాణమైన ఏఎస్‌టీఎం బి117లో నూటికి 5 వంతుల ఉప్పు ద్రావణాన్ని 35 డిగ్రీల వద్ద మంచులా చల్లుతారు, ఎన్ని గంటలు చల్లాలో ఆ ప్రమాణం నిర్ణయించదు, కొనేవారూ అమ్మేవారూ ఒప్పుకున్న గంటలే లెక్క. గంటలు రాయని పాస్‌కు అర్థం లేదు. పైగా ఆ పరీక్ష తరువాత షీటు ఎలా కనిపించిందో రాయడం సరిపోదు, ప్రతిఫలన గీతను మళ్లీ తీసి పాత గీత పక్కన ముద్రించాలి. ఈ మాట యజమానికి చెప్పాను, తరువాతి ముద్రణలో చేరుస్తామన్నారు.

పెద్ద ఓడల్లోని ఎస్ బ్యాండ్ రాడార్‌కు మాత్రం ఈ షీటు అడగవద్దు. 3 గిగాహెర్ట్జ్ దగ్గర అదే పర్మిటివిటీతో లెక్క వేస్తే 7 మిల్లీమీటర్లకు పైగా మందం కావాలి, అక్కడ అయస్కాంత గుణం ఉన్న ఇనుప షీటుదే పైచేయి. దాన్ని ప్రతి ఏటా విప్పి చూసుకునే ఓపిక ఉండాలి. ఎక్స్ బ్యాండ్ బోటుకు కొనేవారు బిల్లు మీద మూడు సంగతులు రాయించుకోండి: నాలుగు మూలల మందం, గాజుపీచు పొరతో కలిపి శ్రుతి చేసిన పౌనఃపున్యం, పోత తేదీ. అడిగితే వారు రాసి ఇస్తున్నారు.